80 శాతం పొడి, 6 ఏళ్ల వేరు: హైదరాబాద్‌లో ఒక జిన్సెంగ్ కేస్ స్టడీ

2022 జూన్‌లో నాచారంలోని మా చిన్న ఆఫీసుకి కొరియర్‌లో ఒక శాంపిల్ వచ్చింది. 200 గ్రాముల లేత పసుపు పొడి, జిప్ కవర్ మీద స్టిక్కర్: ‘పానాక్స్ జిన్సెంగ్ రూట్ ఎక్స్‌ట్రాక్ట్, జిన్సెనోసైడ్లు 80 శాతం’. జిన్సెంగ్ అంటే కొరియా వైపు బలానికి వాడే వేరు, జిన్సెనోసైడ్లు అంటే దానిలో మందు గుణం ఉందనుకునే పదార్థాలు. పంపింది చర్లపల్లిలో క్యాప్సూళ్లు చేయించుకుని సొంత బ్రాండ్ మీద అమ్మే ఒక కంపెనీ యజమాని. అంతకుముందు ఇరవై ఏళ్లు మందుల మార్కెటింగ్‌లో చేసిన మనిషి. కవర్ అందిన గంటకే ఫోన్: “సార్, మిగతావాళ్లు 5 శాతం, 10 శాతం అంటున్నారు. ఇది 80. పైగా రేటు సగం. ఓకే చేసేద్దామా?”

సప్లిమెంట్ కంపెనీలకు ముడిసరుకు వెతికిపెట్టడం, వచ్చిన సరుకు అదో కాదో తేల్చడం నా పని. ఈ వృత్తిలో రేటు సగం, బలం పదింతలు అన్న మాట చెవిన పడితే నాకు మొదట వచ్చేది ఆనందం కాదు, టెన్షన్.

ల్యాబ్‌కి పంపకముందే కాగితం మీద లెక్క వేశాం. బాగా పండిన ఎండు జిన్సెంగ్ వేరులో జిన్సెనోసైడ్లు మామూలుగా 2 నుంచి 4 శాతం దాకా ఉంటాయి. 3 అనుకుందాం. ఒక్క గ్రాము వృథా పోకుండా లాగినా, 80 శాతం పొడి ఒక కిలో తయారవ్వాలంటే దాదాపు 27 కిలోల ఎండు వేరు కావాలి. తీతలో నష్టం ఉండనే ఉంటుంది కాబట్టి ముప్పై దాటుతుంది. ఆ కొటేషన్‌లో కిలో పొడికి అడిగిన డబ్బుతో, అప్పుడు నా దగ్గరున్న రేట్ల ప్రకారం నాలుగు కిలోల ఎండు వేరు కూడా రాదు. మరి మిగతా ఇరవై మూడు కిలోలు ఎవరి దానం?

నాలుక మీద చిటికెడు వేసుకున్నా. వేరు పొడి అయితే మట్టివాసన, మొదట చేదు, వెనకాల చిన్న తీపి వస్తాయి. ఇది నేలవేము కషాయంలా ఒకటే చేదు, సాయంత్రం టీ తాగేదాకా పోలేదు. రుచి చూసి రిపోర్టు రాయలేం కాబట్టి హెచ్‌పీఎల్‌సీకి, అంటే పొడిలోని ఒక్కో పదార్థాన్నీ విడదీసి కొలిచే పరీక్షకి, పంపాం. వేరు అయితే గ్రాఫ్‌లో జిన్సెనోసైడ్లలో రకాలైన ఆర్‌జీ1, ఆర్‌బీ1 రెండూ పెద్దగా లేవాలి. మాకొచ్చిన గ్రాఫ్‌లో ఆర్‌ఈ, ఆర్‌డీ, ఆర్‌జీ1 బాగా లేచాయి, ఆర్‌బీ1 మాత్రం గడ్డిపరకంత ఉంది. అది ఆకు, కాడల నుంచి తీసిన సరుకు. జిన్సెంగ్ ఆకులో జిన్సెనోసైడ్లు వేరులో కన్నా ఎక్కువే ఉంటాయి. ఏటా రాలిపోయే ఆకు కాబట్టి చవక. పొడిలో జిన్సెనోసైడ్లు ఉన్నమాట అబద్ధం కాదు, వేరు అన్న ఒక్క మాటే అబద్ధం.

ఇక ఆ 80 అంకె. సరఫరాదారు ఇచ్చిన సీఓఏ (సరుకు పరీక్ష ఫలితాల పత్రం) చివర చిన్న అక్షరాల్లో ‘యూవీ పద్ధతి’ అని ఉంది. యూవీలో ఆమ్లం, వెనిలిన్ కలిపి రంగు తెప్పించి కొలుస్తారు. ఆ రంగు జిన్సెనోసైడ్లకే కాదు, అలాంటి ఇతర సాపోనిన్లకూ వస్తుంది. సంతలో ముసుగేసుకున్న వాళ్లందరినీ మనవాళ్లే అని లెక్కపెట్టినట్టు. హెచ్‌పీఎల్‌సీలో విడివిడిగా కొలిస్తే అదే పొడి 50 దాటలేదు. అప్పటి నుంచి మా దగ్గర సీఓఏ వస్తే శాతం కన్నా ముందు పద్ధతి గడి చూస్తాం.

యజమానికి ఇదంతా చెప్పాక ఆయన ఒక్క నిమిషం ఆగి, “అయితే మనమే పండిద్దాం సార్. శంకర్‌పల్లి దగ్గర పాలీహౌస్ ఖాళీగానే ఉంది” అన్నారు.

శంకర్‌పల్లిలో జిన్సెంగ్

ఆయన ఊరికే అనలేదు. అప్పటికే ఎవరో మొక్కలు ఇచ్చి, పంట మేమే తిరిగి కొంటామని చెప్పి వెళ్లారట. ఓ ఆదివారం పొద్దున్నే వెళ్లి చూశా. నలభై గ్రో బ్యాగులు, మోకాలెత్తు మొక్కలు, దళసరి నున్నటి ఆకులు, పైన సన్నటి కాడలకు చిన్నచిన్న గులాబీ పూలు. ఒక మొక్క పీకి చూపించారు. కింద వేరు ఊరి, రెండు కాళ్లుగా చీలి, నిజంగానే బొమ్మల్లో కనిపించే జిన్సెంగ్‌లాగే ఉంది.

“ఎప్పుడు నాటారు?”

“నాలుగు నెలలైంది సార్.”

నాలుగు నెలల జిన్సెంగ్‌కి పూలు రావు. మొదటి ఏడాది మొత్తానికి దానికి ఉండేది ఒక్క కాడ, దాని చివర మూడు చిన్న ఆకులు. పువ్వు చూడాలంటే సాధారణంగా మూడో ఏడు రావాలి. ఈ మొక్క టాలినమ్. మనవాళ్లు సిలోన్ బచ్చలి అనే ఆకుకూరకు దగ్గర చుట్టం. వేరు ఊరుతుంది కాబట్టి ఇండోనేసియా వైపు దీన్ని జావా జిన్సెంగ్ అంటారు. హైదరాబాద్ నర్సరీల్లో ‘జిన్సెంగ్ బోన్సాయ్’ పేరుతో అమ్మే లావు కాళ్ల మొక్క కూడా అంతే, అది మర్రి జాతి ఫైకస్. జిన్సెంగ్ అనే పేరుకు మన దగ్గర ఆకారమే ఆధార్ కార్డు అయిపోయింది.

మొక్కలిచ్చిన మనిషి ఫోన్ ఆ తర్వాత కలవలేదు. కాపలా ఆయన భార్య మాత్రం ఆ ఆకును రెండు నెలలుగా పప్పులో వేస్తోందట. బాగుందని చెప్పింది.

అసలు జిన్సెంగ్ మన దగ్గర ఎందుకు రాదో యజమానికి ఓపిగ్గా చెప్పాల్సి వచ్చింది, ఎందుకంటే పాలీహౌస్ ఉంటే ఏదైనా వస్తుందని ఆయన నమ్మకం. విత్తనం రాలినప్పుడు దానిలో పిండం పూర్తిగా ఎదిగి ఉండదు. తడి ఇసుకలో నెలల తరబడి ఉంచితే గింజ పగులుతుంది, ఆ తర్వాత గడ్డకట్టే చలికి దగ్గరగా ఇంకో మూడు నెలలు ఉంటేగానీ మొలవదు. మొలిచాక కూడా వేరు ప్రతి చలికాలం నిద్రపోవాలి, ఆ చలి తగిలితేనే వసంతంలో లేస్తుంది. మన జనవరి రాత్రులు దానికి చలి కిందికే రావు. ఎండ పదో వంతు, మహా అయితే ఐదో వంతుకు మించి తగలకూడదు. మన మే నెల 40 డిగ్రీలకు నెట్ కింద కూడా ఆకు మాడిపోతుంది. ఏసీ పెట్టి పెంచొచ్చు, కరెంటు బిల్లుకి భయపడకపోతే.

“ఎన్నాళ్లకు వస్తుంది?” అన్నారు.

“నాలుగేళ్లకు తవ్వొచ్చు. మంచి ఎర్ర జిన్సెంగ్‌కి ఆరేళ్లు.”

“ఆరేళ్లా! మా అమ్మాయి ఇంజినీరింగ్ అయిపోయి పెళ్లి కూడా అయిపోద్ది సార్.”

ఆ రోజు తేలింది: జిన్సెంగ్ కొనాల్సిందే, పండించాలంటే పెన్నేరు, అంటే అశ్వగంధ, పండించాలి. ఒకటి కొరియా నుంచి, ఒకటి అనంతపురం నుంచి. రెండు వేర్వేరు ఉత్పత్తులు, వేర్వేరు లేబుళ్లు.

గుంసాన్ సంత

2022 అక్టోబరులో దక్షిణ కొరియా వెళ్లా. గుంసాన్ అనే ఊరు అక్కడి జిన్సెంగ్‌కి మన గుంటూరు మిర్చి యార్డ్ లాంటిది. అక్కడి సంప్రదాయ జిన్సెంగ్ సాగును ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2018లో ప్రపంచ వ్యవసాయ వారసత్వాల జాబితాలో చేర్చింది. 2, 7తో ముగిసే తేదీల్లో సంత. తేదీ లెక్కతో సంత అంటే మనకి వింత, వారాల సంతలకు అలవాటుపడ్డ ప్రాణం.

పచ్చి వేరును సుసామ్ అంటారు. కిలోల్లో అడిగితే నవ్వుతారు, లెక్క ‘ఛే’ల్లో. ఒక ఛే 750 గ్రాములు. అందులో ముప్పావు వంతు దాకా నీళ్లే కాబట్టి ఎండితే 200 గ్రాముల చిల్లర మిగులుతుంది. తొక్క తీసో తీయకో ఆరబెడితే తెల్లది, బెక్‌సామ్. ఆవిరి మీద ఉడికించి ఆరబెడితే గోమేధికం రంగు ఎర్రది, హోంగ్‌సామ్. ఉడకడంతో పిండి జిగురై వేరు గట్టిపడుతుంది, పురుగు త్వరగా పట్టదు. పచ్చి వేరులో దాదాపు లేని ఆర్‌జీ3 లాంటివి కొత్తగా పుడతాయి. మన ఉప్పుడు బియ్యం గుర్తొచ్చింది.

వయసు ఎలా తెలుస్తుందంటే, వేరు నెత్తిన చిన్న మెడ ఉంటుంది. ఏటా కాడ రాలిపోయినచోట ఆ మెడ మీద ఒక మచ్చ మిగులుతుంది. మచ్చలు లెక్కపెడితే ఏళ్లు. ఒక దుకాణంలో ఆరేళ్లదని చూపిస్తే బొటనవేలు గోరుతో ఒక్కో మచ్చా తడుముతూ లెక్కపెట్టా. నాలుగే వచ్చాయి. ఆమె నవ్వేసి కింద నుంచి ఇంకో బుట్ట తీసింది. అందుకే మెడ కోసేసిన వేర్లు ఎంత లావుగా ఉన్నా వయసు చూసి డబ్బు పెట్టను. పొడి కొంటే ఆ అవకాశమూ లేదు. అందుకే కొనేది పొడే అయినా, వేరు చూసిన చోటే ఆ లాట్‌కి నంబరు వేయించుకున్నా.

పొలాలకూ తీసుకెళ్లారు. వాలుగా కట్టిన నల్ల నెట్లు కొండ పొడవునా వరసలుగా ఉన్నాయి. నాటడానికి ముందు ఏడాది, రెండేళ్లు గడ్డి పంటలు వేసి కలియదున్ని నేలను సిద్ధం చేస్తారు. ఒకసారి జిన్సెంగ్ తవ్విన నేలలో మళ్లీ పదేళ్లు, ఇంకా పైన, దాన్ని వేయరు. వేస్తే వేరుకుళ్లు వస్తుంది, దానికి కారణమైన శిలీంధ్రం మట్టిలో అన్నాళ్లు కాచుకుని ఉంటుంది. ఆ భయంతోనే కొన్నిచోట్ల మట్టికి మందులు కొడతారు. నేను కొనేటప్పుడు క్వింటోజీన్ అనే పాత శిలీంధ్రనాశిని అవశేషాలు విడిగా పరీక్ష చేయించడానికి కారణం ఇదే. పురుగుమందుల మామూలు జాబితాలో అది లేకపోతే ల్యాబ్ వెతకదు, వెతకకపోతే దొరకదు.

సంతలో నన్ను ఆపేసింది మాత్రం వేరే విషయం. మనిషి ఆకారంలో కాళ్లూ చేతులూ ఉన్న వేర్లు అద్దాల పెట్టెల్లో పెట్టారు. ఎర్ర జిన్సెంగ్‌లో ఛోన్, జీ, యాంగ్ అని గ్రేడ్లు. ఆకాశం, భూమి, మంచిది అని వాటి అర్థం. 600 గ్రాముల డబ్బాలో వేర్లు ఎంత తక్కువ పడితే అంత ఖరీదు, అంటే లావుకే రేటు. పక్కనే గోనెల్లో తెగిపోయిన సన్నటి పీచు వేర్లు. వాటిని మీసామ్, తోక అంటారు. అవి చవక. కానీ జిన్సెనోసైడ్లు ఎక్కువగా ఉండేది ఆ తోకల్లోనే, లావు మధ్యభాగంలో కాదు. ఇంట్లో షోకేసులో పెట్టుకునేవాడు కండ కొనాలి, ఎక్స్‌ట్రాక్ట్ తీసేవాడు తోకలు కలుపుకోవాలి. అయితే సన్న వేరుకి మట్టి ఎక్కువ అంటుకుంటుంది, దానితో పాటు సీసం, పాత మందులు కూడా. కాబట్టి మేము కండ, తోక కలిపి తీసిన ఎక్స్‌ట్రాక్ట్ అడిగాం, తోకల వాటాకు పైన ఒక గీత గీసి.

మా స్పెసిఫికేషన్ ఒక పేజీ దాటలేదు. వేరు మాత్రమే. వయసు, పండిన ఊరు లాట్ మీద ఉండాలి. ఆర్‌జీ1, ఆర్‌బీ1, ఆర్‌జీ3 కలిపి 2 శాతం, హెచ్‌పీఎల్‌సీలో. గ్రాఫ్‌లో ఆర్‌ఎఫ్ కనపడాలి, ఎందుకంటే అది ఆసియా జిన్సెంగ్‌లో ఉంటుంది, అమెరికన్ జిన్సెంగ్‌లో ఉండదు. 300 మిల్లీగ్రాముల క్యాప్సూల్‌లో ఆ మూడూ కలిపి 6 మిల్లీగ్రాములు పడతాయి. ఇంత తక్కువా అని యజమాని మొహం మాడ్చారు. కొరియా నియంత్రణ సంస్థ ఎర్ర జిన్సెంగ్‌కి రోజుకి పెట్టిన లెక్కే 3 నుంచి 80 మిల్లీగ్రాములని చూపించాక శాంతించారు.

సరుకు శంషాబాద్ ఎయిర్ కార్గోలో దిగాక తొమ్మిది రోజులు ఆగిపోయింది. ఇన్వాయిస్‌లో ఎండు వేరు కస్టమ్స్ కోడ్ 1211 20 వేశారు, వచ్చింది ఎక్స్‌ట్రాక్ట్, దానికి 1302 19. డ్రాఫ్ట్ నాకు పంపారు, నేనూ చూసి వదిలేశా. తప్పులో నా వాటా కూడా ఉంది.

ఆ తర్వాతి దెబ్బ మాత్రం పూర్తిగా మన వాతావరణానిది. 2023 జులైలో క్యాప్సూళ్లు నింపేవాళ్లు ఫోన్ చేసి, “సార్, పొడి రావట్లేదు” అన్నారు. వెళ్లి చూస్తే, సగం వాడి మూత సరిగ్గా బిగించని డ్రమ్ములో పొడి బెల్లం అచ్చులా గడ్డకట్టింది. స్కూప్‌తో కొడితే చెక్క మీద కొట్టినట్టు చప్పుడు. జిన్సెంగ్ ఎక్స్‌ట్రాక్ట్‌లో సహజంగానే చక్కెరలు ఎక్కువ, గాలిలో తేమను లాగేసుకుంటుంది. కొరియాలో చలికాలంలో చక్కగా రాలిన పొడి మన వానాకాలంలో పాకం అవుతుంది. ఆ డ్రమ్ములో 11 కిలోలు పోయాయి. ఇప్పుడు 25 కిలోల డ్రమ్ముల బదులు 5 కిలోల రేకు సంచుల్లో తెప్పిస్తున్నాం. ఒక సంచి తెరిస్తే ఆ షిఫ్టులోనే అయిపోవాలి. నింపే గదిలో తేమ 40 శాతం లోపు ఉంటేనే మొదలుపెడతారు.

పెన్నేరు గడ్డ

గుంసాన్ సంతలో ఉండగానే ఫోన్ మోగింది. అనంతపురం నుంచి. ఆ అక్టోబరు రెండో వారంలో అక్కడ కురిసిన వానలు గుర్తున్నవాళ్లకి చెప్పక్కర్లేదు, ఊళ్లలో కాలనీలే మునిగాయి. “సామీ, కింది చేన్లో నీళ్లు నిలబడినాయి, మొక్క పండుబారతాంది” అన్నాడు మా రైతుల్లో పెద్దాయన. కరువు సీమలో నీళ్లెక్కువై పంట పోవడం ఆయనకే నవ్వొచ్చింది.

వెనక్కి వెళ్లి చెప్పాలి. అశ్వగంధను మన పల్లెల్లో పెన్నేరు అంటారు. ఎర్రనేలలు, ఇసుక గరప నేలలు దానికి ఇష్టం. నీళ్లు నిలవకూడదు, ఎరువు పెద్దగా అడగదు, మేక కూడా పెద్దగా ముట్టదు. వేరుశనగ వరసగా దెబ్బతీస్తున్న రైతులు తొమ్మిది మంది ఒప్పుకున్నారు, మొత్తం 14 ఎకరాలు. విత్తనం ఏది వేయాలన్న దగ్గర బోడుప్పల్‌లో ఉన్న సీమ్యాప్ (ఔషధ, సుగంధ మొక్కల కేంద్ర సంస్థ) పరిశోధన కేంద్రంలో సలహా తీసుకుని పోషిత రకానికి వెళ్లాం. ఎకరాకు 5 కిలోలు, ఐదింతలు ఇసుక కలిపి ఆగస్టులో చల్లారు. గింజ ఎంత చిన్నదంటే, ఇసుక కలపకపోతే గుప్పెడు ఒకేచోట పడుతుంది. ధర మాత్రం నీముచ్ మండీ రేటు చూసి దాని మీద 10 శాతం ఎక్కువ అని రాసుకున్నాం. మధ్యప్రదేశ్‌లోని ఆ మండీయే దేశంలో అశ్వగంధకు కొలబద్ద.

వానలకి కింది పొలాలు నాలుగెకరాలు పోయాయి. మిగతా పది ఎకరాలు 2023 ఫిబ్రవరికి ఆకులు పండుబారి, కాయలు ఎర్రబడి తవ్వకానికి వచ్చాయి. ఇక్కడ జరిగిన తప్పు పూర్తిగా నాదే. నేల గట్టిగా ఉంటే వేరు తెగుతుందని తవ్వకానికి ముందు తేలికపాటి తడి ఇమ్మన్నా. అది సరైనదే. వేర్లు శుభ్రంగా కనపడాలని కడగమన్నా. అదీ పర్వాలేదు. కానీ లారీ దొరికిందన్న తొందరలో ఎండ సరిగ్గా తగలకుండానే గోనెసంచుల్లో కుక్కించి పంపించేశాం. రెండు రోజులకు హైదరాబాద్ చేరింది. సంచి మూతి విప్పగానే గుర్రపు వాసన రావాలి, పేరే అశ్వగంధ కదా. పాత గోడౌన్‌లో తడిసిన పుస్తకాల వాసన వచ్చింది. తేమ మీటరు 19 చూపించింది. లోపలి వేర్ల మీద బూడిదరంగు నూగు. 340 కిలోలు పారేశాం. రైతులకు డబ్బు ఇచ్చేశాం, వాళ్లు నేను చెప్పినట్టే చేశారు మరి.

ఆ తర్వాతి ఏడు నుంచి పద్ధతి మారింది. తల కోసి, 7 నుంచి 10 సెంటీమీటర్ల ముక్కలు చేసి, తార్పాలిన్ మీద పరిచి, పొద్దునా సాయంత్రం తిరగేస్తూ ఎండబెట్టాలి. తారురోడ్డు మీద వద్దు, బండ్ల నూనె, టైర్ల మసి అంటుకుంటాయి. ఈ ఒక్క మాట ఒప్పించడానికే ఒక సీజన్ పట్టింది. ఎందుకంటే జొన్నలూ కందులూ అన్నీ అక్కడే ఆరతాయి. సంచి కట్టేముందు ఒక ముక్క విరిచి చూడాలి. వంగితే తేమ ఉన్నట్టు. టక్కున విరిగి లోపల పాలలా తెల్లగా ఉంటే సంచికి ఎక్కించొచ్చు.

గ్రేడ్ల దగ్గర గుంసాన్ కథే మళ్లీ ఎదురైంది. 7 సెంటీమీటర్లు పైన, లావుగా, గట్టిగా, తెల్లగా ఉన్నది ఏ గ్రేడు, దానికే రేటు. సన్నవి, పొట్టివి సీ గ్రేడు. మా సొంత లాట్లు రెండూ విడివిడిగా పరీక్ష చేయిస్తే విథనోలైడ్లు (జిన్సెంగ్‌కి జిన్సెనోసైడ్లు ఎలాగో అశ్వగంధకు ఇవి అలాగ) ఏ గ్రేడులో 0.31 శాతం, సీ గ్రేడులో 0.46 వచ్చాయి. లావు వేరులో పిండి ఎక్కువ. చూర్ణం చేసి పాలల్లో కలిపి తాగేవాళ్లకి ఆ పిండే కావాలి, రంగు తెల్లగా వస్తుంది. ఎక్స్‌ట్రాక్ట్‌కి సన్నదే మేలు. కాకపోతే సన్న వేరులో ఇసుక చిక్కుకుంటుంది. ఆయుర్వేద ఫార్మకోపియా బూడిద 7 శాతం, ఆమ్లంలో కరగని బూడిద 1 శాతం దాటకూడదంటుంది. మా మొదటి సీ లాట్ ఈ రెండో పరీక్షలో పోయింది, జల్లెడ పట్టి మళ్లీ కడిగి ఆరబెడితే నిలబడింది. రైతులకు సీ గ్రేడు మీద మండీ కన్నా ఎక్కువ ఇవ్వడం మొదలుపెట్టాక సన్న వేర్లు పొలంలో వదిలేయడం మానేశారు.

ఆకు దగ్గర గొడవ. పెద్దాయన కుప్ప చూపించి అడిగాడు: “ఏం సామీ, ఆకంతా ఊరికే పోతాంది. దీన్ని కొంటే మాకూ నాలుగు రూకలొస్తాయి కదా?” ఆయన మాటలో న్యాయం ఉంది. కొనేవాళ్లూ ఉన్నారు, వేరు పొడిలో కలపడానికే. ఆకులో విథనోలైడ్లలో ఒకటైన విథాఫెరిన్ ఏ ఎక్కువ, అది కలిస్తే పరీక్షలో శాతం ఠక్కున లేస్తుంది. 2021 అక్టోబరులోనే ఆయుష్ మంత్రిత్వ శాఖ తయారీదారులను అశ్వగంధ ఆకు వాడొద్దని చెప్పింది. వేరుకున్నంత వాడుక చరిత్ర, భద్రత ఆధారాలు ఆకుకు లేవు. అందుకే మేము ఆకు కొనం, కొనే వ్యాపారితో వేరు లావాదేవీ పెట్టుకోం. వచ్చిన ప్రతి లాట్‌నూ హెచ్‌పీటీఎల్‌సీ పలక మీద, అంటే పదార్థాలను గీతలుగా విడదీసి చూపే పరీక్షలో, చూస్తాం. ఆకులో ఉండే ఫ్లేవనాయిడ్ల గీత వేరులో ఉండదు. ఆ గీత వస్తే లాట్ వాపసు. చర్లపల్లిలో ఒకసారి అనుమానం వచ్చి మైక్రోస్కోప్ కింద పెడితే ఆకు నూగు వెంట్రుకలు కొమ్మలు కొమ్మలుగా కనిపించాయి, వేరు పొడిలో వాటికి పనేం ఉంది? ఆ సరుకు మన రైతులది కాదు, సీజన్ మధ్యలో కొరత పడి ఒక వ్యాపారి దగ్గర తీసుకున్నది.

లేబుల్ దగ్గర ఇంకో పోరాటం. యజమాని అశ్వగంధ సీసా మీద ‘ఇండియన్ జిన్సెంగ్’ అని పెద్ద అక్షరాల్లో వేద్దామన్నారు. అశ్వగంధ వంకాయ, టమాటా కుటుంబం, జిన్సెంగ్‌తో బంధుత్వమే లేదు. వాటిలో మందు గుణాలనుకునే పదార్థాలు కూడా వేర్వేరు. పైగా ఆయన కళ్లు డాలస్‌లో, న్యూజెర్సీలో ఉన్న మనవాళ్ల మీద. 2002 నుంచి అమెరికా చట్టం ప్రకారం పానాక్స్ జాతి మొక్కను తప్ప దేన్నీ జిన్సెంగ్ అని అమ్మకూడదు. సైబీరియన్ జిన్సెంగ్ కూడా ఆ దెబ్బకే ఎల్యుథెరో అయింది. ఆ మాట విన్నాక లేబుల్ ‘అశ్వగంధ వేరు’ దగ్గర ఆగింది. 2023లో డెన్మార్క్ అశ్వగంధను పూర్తిగా నిషేధించాక యూరప్ ఆలోచన పక్కన పెట్టేశాం.

హెచ్చరికల విషయంలో నేను కొంచెం మొండి. జిన్సెంగ్ సీసా మీద రక్తం పలచబడే మందులు, షుగరు మందులు వాడేవాళ్లు డాక్టర్‌ని అడగాలని, అశ్వగంధ మీద గర్భిణులు వాడొద్దని, థైరాయిడ్, కాలేయ సమస్యలున్నవాళ్లు జాగ్రత్త అని రాయించా. అమ్మకాలు తగ్గుతాయన్నారు. తగ్గలేదు.

ఇప్పటి పరిస్థితి ఇది. జిన్సెంగ్ ఏడాదికి రెండుసార్లు, వానాకాలం తప్పించి వస్తోంది. ఒక లాట్ క్వింటోజీన్ పరీక్షలో నిలవక వెనక్కి పంపాం. సరఫరాదారు అలిగాడు, ఆర్నెల్లకు మళ్లీ మాట్లాడాడు. అశ్వగంధ రైతులు తొమ్మిది మంది నుంచి పదహారు మంది అయ్యారు. కింది చేనుల్లో ఎవరూ వేయడం లేదు. జిన్సెంగ్ క్యాప్సూల్ కన్నా అశ్వగంధదే ఎక్కువ అమ్ముడవుతోంది, అందుకు కారణం ధర తప్ప ఇంకేదీ కాదని నా అనుమానం. శంకర్‌పల్లి పాలీహౌస్‌లో యజమాని క్యాప్సికం వేశారు. ఓ మూలన సిలోన్ బచ్చలి దానంతటదే మొలుస్తూనే ఉంది.

ఈ ఫిబ్రవరిలో, మబ్బు పట్టిన ఓ సాయంత్రం, పెద్దాయన వీడియో కాల్ చేశాడు. తార్పాలిన్ మీద వేర్లు, వెనకాల ఎడ్ల గంటలు. ఒక ముక్క తీసి ఫోన్ దగ్గర పెట్టి విరిచాడు. చప్పుడు వినపడలేదు.

“వంగింది కదా పెద్దాయనా?”

“కొంచెం వంగింది సామీ. అయినా వాన వచ్చేట్టుంది, కట్టేద్దునా?”

“వసారాలో పరవండి. సంచి మాత్రం కట్టొద్దు. ఎల్లుండి మళ్లీ విరిచి వినిపించండి.”